గూడబాతు నుంచి రాకెట్టు దాకా: ఒక మామా అల్లుళ్ల సంవాదం

దొరవారిసత్రంలో ఒక ఇంటి మిద్దె మీద నడిచిన వాదన ఇది. మామ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. అల్లుడు శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. ముప్పై ఇంకా దాటలేదు. ఏది కనబడినా దాని లోపల ఏముందో చూడాలని కొట్టుకులాడే స్వభావం అతనిది. పట్టిందాన్ని తేల్చందే వదలకూడదన్న పట్టుదల మామది. పేర్లు ఇక్కడ అక్కర్లేదు. నా మొగ్గు అల్లుడి వైపే, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. అయినా మామ మాటల్లో కొట్టిపారేయడానికి వీల్లేనివి ఉన్నాయి. అందుకే రెండు వైపులా ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మామ: ఏందిరా ఇది? బట్టలారేసే తీగ విప్పేసి అల్యూమినియం కడ్డీలు కట్టినావు. నైట్ షిఫ్టు దిగి వచ్చి నిద్ర కూడా పోకుండా ఈడే కూర్చుంటా ఉండావని మీ అమ్మ ఒకటే బాధ.

అల్లుడు: మబ్బుల బొమ్మలు పట్టుకుంటా ఉండా మామా. రష్యా వాళ్ల మెటియోర్ అని వాతావరణ ఉపగ్రహాలు ఉండాయి. ఎనిమిది వందల కిలోమీటర్ల పైన పోతా పోతా, కింద కనబడే మబ్బుల్ని బొమ్మ చేసి 137 మెగాహెర్ట్జ్ దగ్గర పంపిస్తా ఉంటాయి. ఈ రెండు కడ్డీలు, ఒక చిన్న రిసీవరు, నా పాత ల్యాప్‌టాప్ చాలు. అది మన నెత్తి మీదుగా దాటే పది పదిహేను నిమిషాల్లో బంగాళాఖాతం వరస వరసగా తెర మీదికి దిగుతుంది.

మామ: ఆ మబ్బులే నీ ఫోన్లో కనబడతాయి గదా, వాతావరణ శాఖ వాళ్లు చూపిస్తానే ఉంటారు. సరే, ఇది ఈ నెల పిచ్చి. పోయిన నెల శాసనాలు చదవాలని తమిళ అక్షరాలు దిద్దినావు. దానికి ముందు వయొలిన్. అంతకు ముందు కంప్యూటర్ ప్రోగ్రాములు. నీతో డిప్లొమా చదివిన పిల్లోడు ఒక్కటే సబ్జెక్టు పట్టుకొని కూర్చున్నాడు, ఇవాళ సూపర్‌వైజరు. నువ్వు?

అల్లుడు: నా పని నేను సరిగ్గానే చేస్తా ఉండా మామా. ఒక్క లైను ఆగిపోయిందన్న మాట నా మీద రాలేదు. డ్యూటీ అయినాక మిగిలిన టైము నాది.

మామ: టైము నీదే. తల కూడా నీదే. అందుకే అడుగుతా ఉండా. ఆ కడ్డీలు ఎంత పొడుగు?

అల్లుడు: ఒక్కోటి 53 సెంటీమీటర్లు. రెంటి నడుమ 120 డిగ్రీలు.

మామ: 53 ఎందుకు? ఎవరో పెట్టమన్నారని పెట్టినావా?

అల్లుడు: మొదట అట్టాగే పెట్టినా. తర్వాత లెక్క కట్టినా. కాంతి సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. 137 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు 13 కోట్ల 70 లక్షల అలలు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఒక్కో అల పొడుగు రెండు మీటర్ల పందొమ్మిది సెంటీమీటర్లు వచ్చింది. అందులో నాలుగో వంతు 55 దరిదాపు. నిజం కడ్డీకి మందం ఉంటుంది గాబట్టి కాస్త కురచ చెయ్యాలి. అట్టా 53 అయింది.

మామ: ఊఁ. బాగానే ఉంది. ఈ ఒక్కటీ నువ్వు చేత్తో చేసినావు గాబట్టి తెలిసింది. మిగతావాటి సంగతి ఏంది? ఇప్పుడు పిల్లోళ్లందరికీ పట్టిన జబ్బు ఒకటి ఉంది. ఫోన్లో పది నిమిషాలు వీడియో చూస్తారు, తెలిసిపోయిందనుకుంటారు. కాగితం ఇచ్చి రాయమంటే రెండు వాక్యాలు రావు. చూసినంత మాత్రాన తెలిసిపోదురా. ముప్పై ఏళ్లు బోర్డు ముందర నిలబడ్డా, ఈ తేడా నాకు బాగా తెలుసు. నేను బోర్డు మీద చేస్తా ఉంటే అందరికీ తెలిసినట్టే ఉంటుంది. బోర్డు తుడిపేసి వాళ్లను చెయ్యమంటే అప్పుడు బయటపడుతుంది.

(మామ వాదనలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన మాట ఇదే. తెలిసినట్టు అనిపించడం ఇంత చౌకైన కాలం ఇంతకు ముందు లేదు.)

అల్లుడు: ఆ మాట ఒప్పుకుంటా. అయితే అది ఒక్క సబ్జెక్టు పట్టుకున్నోడికి కూడా వర్తిస్తుంది గదా మామా. గైడు బట్టీపట్టి ర్యాంకు కొట్టినోణ్ణి కూడా బోర్డు తుడిపి అడుగు, ఏమి చెప్తాడో చూద్దాం.

మామ: పది చోట్ల పదేసి అడుగులు తవ్వితే నీళ్లు పడవురా. ఒక్క చోట వంద అడుగులు తవ్వాలి.

అల్లుడు: సముద్రం వైపు పోయి ఆ మాట చెప్పు మామా. ఆడ ఇసకలో పైపైన తవ్వితే మంచినీళ్లు పడతాయి, లోతుకు పోయేకొద్దీ ఉప్పునీళ్లు. యాడ తవ్వాలో, ఎంత తవ్వాలో తెలియాలంటే ఆ నేల సంగతి, సముద్రం సంగతి, వాన సంగతి మూడూ తెలిసుండాలి.

మామ: మాటకు మాట బాగానే అప్పజెప్తావు.

అల్లుడు: మాట కోసం అనలేదు. నేలపట్టు చూడు. మన మండలంలోనే ఉంది, 1976లో పక్షుల కేంద్రం చేసినారు. నువ్వు చిన్నప్పటి నుంచీ చూస్తా ఉండావు. గూడబాతులు ఆ చెరువుకే ఎందుకు వస్తాయి? ఈ ఒక్క ప్రశ్నకు ఏ సబ్జెక్టు పంతులు జవాబు చెప్తాడు?

మామ: జీవశాస్త్రం పంతులు.

అల్లుడు: సగమే చెప్తాడు. చెరువులో ఉండేవి కడప చెట్లు. నీళ్లలో మునిగినా అవి చావవు. చుట్టూ నీళ్లుంటే పిల్లులూ నక్కలూ గూళ్ల దగ్గరికి రాలేవు. అందుకే వాటి మీద గూడు కడతాయి. ఇంతవరకు జీవశాస్త్రమే. మరి నీళ్లు ఎప్పుడొస్తాయి? మన వైపు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. అక్కడికి వచ్చేసరికి అది వాతావరణశాస్త్రం. ఆ వానలు మోసం చేసిన సంవత్సరం చెరువు నిండదు, పక్షులు గూళ్లు కట్టవు. మేత ఆ చెరువులో చాలదు. ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉండే పులికాట్‌కు పోయి చేపలు పట్టుకొస్తాయి. పులికాట్‌లో చేపలు ఉండాలంటే ముఖద్వారాలు పూడిపోకుండా సముద్రం నీళ్లు లోపలికి వచ్చిపోతా ఉండాలి. అది ఇంకో శాస్త్రం. ఇక రైతు సంగతి నీకే తెలుసు.

మామ: ఆ చెరువు నీళ్ల సంగతా? మా నాయన చెప్పేవాడు. కొంగలు, గూడబాతులు వాలిన చెరువు నీళ్లు పారిన మడిలో వరి బాగా పచ్చగా లేస్తుంది, ఎరువు తక్కువ పెట్టినా సరిపోతుంది అని. అందుకే ఆ ఊళ్లల్లో పక్షి మీద రాయి వెయ్యనియ్యరు. పిల్లోడు ఎవడన్నా ఉండేలు తీస్తే పెద్దోళ్లు అదిలించేవాళ్లు.

అల్లుడు: పులికాట్ చేప గూడబాతు కడుపులో పడి, రెట్టగా చెరువులో పడి, నత్రజనీ భాస్వరమూ అయి నేలపట్టు మడిలోకి వచ్చింది. సరస్సులో బలాన్ని మోసుకొచ్చి పొలంలో పోస్తా ఉంది ఆ పక్షి. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ ఒక్క చోట ఉండదు మామా. పక్షి ఒక పుస్తకంలో, వాన ఇంకో పుస్తకంలో, ఎరువు మూడో పుస్తకంలో. మీ నాయనకు మాత్రం మొత్తం ఒకటిగా తెలుసు. బడికి పోయిన మనమే దాన్ని ముక్కలు చేసుకున్నాం.

మామ: ఆయన ఒక్క పొలాన్ని అరవై ఏళ్లు చూసినాడురా. అది మర్చిపోవద్దు. మూడు నెలలు చూసి ఇంకో దానికి పోయినోడు కాదు.

అల్లుడు: ...అది నిజమే.

మామ: సరే, అడుగు. నీ దగ్గర ప్రశ్నలు ఉంటాయి గదా ఎప్పుడూ.

అల్లుడు: ఒకటి ఉంది, నాకు తెగలేదు. రాకెట్ల కోసం శ్రీహరికోటే ఎందుకు? తూర్పున సముద్రం ఉంది, కూలినా నీళ్లలోనే పడుతుంది, అంతవరకు తెలుసు. భూమి తిరగడం కూడా సాయం చేస్తుందంటారు. ఎంత సాయం? అది ఎట్టా కట్టాలి?

మామ: ఇదీ ప్రశ్న అంటే. భూమధ్యరేఖ దగ్గర నేల సెకనుకు 465 మీటర్ల వేగంతో తూర్పుకు పోతా ఉంటుంది. అక్కడి నుంచి ఉత్తరానికి పోయేకొద్దీ వలయం చిన్నదవుతుంది, కాబట్టి అక్షాంశానికి కొసైన్ కట్టాలి. శ్రీహరికోట 13.7 డిగ్రీల దగ్గర ఉంది. దాని కొసైన్ 0.972. గుణించు. 452 వస్తుంది. అంటే తూర్పుకు పోయే రాకెట్టు ఇంకా మంట వెయ్యకముందే దానికి సెకనుకు 452 మీటర్ల వేగం ఉన్నట్టు. కక్ష్యలో నిలవాలంటే సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల పైనే కావాలి. అందులో ఇంతమాత్రం భూమి ఊరికే ఇస్తా ఉంది.

అల్లుడు: మరి నా మెటియోర్ లాంటివి? అవి ఉత్తర దక్షిణాలుగా ధ్రువాల మీదుగా పోతాయి. మన పీఎస్‌ఎల్‌వీ కూడా అట్టాంటి కక్ష్యలకే ఎక్కువగా పోతుంది. దానికి తూర్పు వేగం పనికిరాదు గదా?

మామ: పనికిరాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇక్కడి నుంచి తిన్నగా దక్షిణానికి పోతే దారిలో శ్రీలంక. జనం మీదుగా పంపకూడదు. అందుకని ముందు ఆగ్నేయం వైపు పంపి, లంకను తప్పించినాక దక్షిణానికి మళ్లిస్తారు. ఆ మలుపుకు ఇంధనం ఖర్చు. ఆ ఖర్చు మేరకు ఉపగ్రహం బరువు తగ్గించుకోవాలి. పెద్ద రాకెట్టు ఓర్చుకుంటుంది, చిన్నదానికి అది మొయ్యలేని భారం. తమిళనాట కులశేఖరపట్నంలో రెండో కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన చేసింది అందుకే. ఆడ నుంచి దక్షిణానికి అడ్డం లేదు.

అల్లుడు: చూసినావా మామా? రాకెట్టు యాడ నుంచి లేవాలో తేల్చింది భూగోళం. ఎంత బరువు మొయ్యాలో తేల్చింది పక్క దేశం. ఒక్క ఇంజను తెలిసినోడికి ఇది అందదు.

మామ: చూసినా. కానీ కొసైన్ కట్టింది ఎవరు? ఒక్క లెక్కలే ముప్పై ఏళ్లు చెప్పినోడు కట్టినాడు. నీకు ప్రశ్న వచ్చింది, జవాబు నా దగ్గర దొరికింది.

(ఇక్కడ ఇద్దరూ కాసేపు ఊరుకున్నారు. వాదన ఇక్కడే సమంగా తేలిపోయిందని ఎవరైనా అనుకోవచ్చు. తేలలేదు. అల్లుడు తన దగ్గరున్న గట్టి సాక్ష్యాన్ని ఇప్పుడు బయటికి తీశాడు.)

అల్లుడు: మన శ్రీహరికోట కేంద్రానికి ఎవరి పేరు పెట్టినారు మామా?

మామ: సతీశ్ ధవన్. 2002లో ఆయన పోయినాక పెట్టినారు.

అల్లుడు: ఆయన ఏమి చదివినాడో తెలుసా? లాహోర్‌లో పంజాబ్ విశ్వవిద్యాలయంలో గణితంలో బీఏ. తర్వాత ఇంగ్లీషు సాహిత్యంలో ఎంఏ. ఆ తర్వాత మెకానికల్ ఇంజనీరింగ్. ఆ కాలంలో ఆయన మామ ఎవరైనా ఉంటే ఏమని ఉంటాడు? ‘ఒక్కటి పట్టుకోరా’ అనే గదా?

మామ: ఆగు. తర్వాత ఏం చేసినాడో కూడా చెప్పు. అమెరికా పోయి కాల్‌టెక్‌లో 1951లో పీహెచ్‌డీ చేసింది సాహిత్యంలోనా? గాలి ప్రవాహాల మీద. ఆ ఒక్కదాంట్లో మునిగినాడు గాబట్టే బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌కు 1962లో డైరెక్టర్ అయినాడు, 1972లో ఇస్రో పగ్గాలు ఇచ్చినారు.

అల్లుడు: పన్నెండేళ్లు ఇస్రో నడిపినాడు. ఎస్‌ఎల్‌వీ 1979లో సముద్రంలో పడిందీ, 1980 జూలైలో రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిందీ ఆయన హయాంలోనే. అంత చేసి దిగిపోయినాక ఏం రాసినాడో తెలుసా? పక్షులు ఎట్టా ఎగురుతాయి అన్నదాని మీద పెద్ద మోనోగ్రాఫు. ‘బర్డ్ ఫ్లైట్’ అని 1991లో వచ్చింది. రెక్క ఆడించేటప్పుడు గాలి ఎట్టా మళ్లుతుంది, పెద్ద పక్షి రెక్క కదిలించకుండా ఎట్టా తేలుతుంది, అన్నీ వాయుగతిశాస్త్రంతో విడమర్చినాడు. రాకెట్లు పంపిన మనిషి పక్షుల మీదికి వచ్చినాడు మామా. విమానం రెక్క చూసిన కంటితోనే పక్షి రెక్క చూసినాడు.

మామ: ఇది నాకు తెలియదురా. నిజంగా తెలియదు. ...అయినా నా మాట మారలేదు. పక్షి మీద ఆయన రాయగలిగింది గాలి సంగతి తెలుసు గాబట్టి. పక్షిని చూసి ముచ్చటపడేవాళ్లు లక్షమంది ఉంటారు.

అల్లుడు: గాలి సంగతి తెలిసినోళ్లు కూడా వేలమంది ఉంటారు గదా. వాళ్లలో పక్షి వైపు తలెత్తి చూసినోళ్లు ఎందరు?

మామ: నేను ఇంకో పేరు చెప్తా. కొమర్రాజు లక్ష్మణరావు. ఆయనకు రాని భాష లేదు, ముట్టుకోని శాస్త్రం లేదు. తెలుగులో విజ్ఞాన సర్వస్వం తెస్తానని కూర్చున్నాడు. మూడు సంపుటాలు వచ్చినాయి. మూడూ కలిపి ‘అ’ అక్షరం దాటలేదు. 1923లో నలభై ఆరేళ్లకు పోయినాడు. అన్నీ కావాలనుకుంటే ఇట్టాగే ‘అ’ దగ్గర ఆగిపోతాము.

అల్లుడు: అదొక్కటే చూస్తే అట్టాగే ఉంటుంది. మునగాల జమీందారు దగ్గర దివాను ఉద్యోగం చేస్తానే ఆయన ఎన్ని చేసినాడో చూడు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టిన వాళ్లలో ఆయన ఒకడు. నిజాం రాజ్యంలో తెలుగు గ్రంథాలయం పెట్టడమంటే ఆ రోజుల్లో ఎంత మాట! 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమాల. అందులో మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. తర్వాత జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, చరిత్ర, అన్నీ తెలుగులో. ఇంగ్లీషు రాని మనిషికి కూడా ఇవి అందాలి అన్నది ఆయన పట్టుదల. ఇన్ని వైపులకు పోయిన మనిషి గాబట్టే ఏది లేదో ఆయనకు కనబడింది.

మామ: పూర్తి కాలేదు గదా.

అల్లుడు: కాలేదు. కానీ ఆయన తలలో ఉండిపోలేదు. అచ్చులో ఉంది. అందుకే ఆయన పోయినాక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆ పని అందుకోగలిగినాడు. ఆ తర్వాత తెలుగు భాషా సమితి సంపుటాలు తెచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. ఎవరెవరో ముక్కూ మొహం తెలియని వాళ్లు ఒక్కో వ్యాసం రాస్తా ఉండారు. ‘అ’ దగ్గర ఆగింది ఆయన ఆయుష్షు మామా, పని ఆగలేదు.

(మామ చాలాసేపు మాట్లాడలేదు. ఈ జవాబు ఆయన ఊహించలేదని నాకనిపించింది.)

మామ: దువ్వూరి రామిరెడ్డి గారు గుర్తొచ్చినాడురా. మన నెల్లూరు రైతు. పారసీ నేర్చుకొని ఖయ్యాం పద్యాలను ‘పానశాల’గా తెలుగులో పెట్టినాడు. కాలేజీ రోజుల్లో ఆ పద్యాలు నోటికి ఉండేవి నాకు.

అల్లుడు: ఖయ్యాం ఘనసమీకరణాలు కూడా సాధించినాడు గదా?

మామ: శంకువు కోతలు ఒకదాన్నొకటి ఖండించేట్టు గీసి సాధించినాడు. నేను అది క్లాసులో చెప్పేవాణ్ణి. పంచాంగం కూడా దిద్దినాడు. ...నవ్వొద్దు. నా లెక్కలూ నా పద్యాలూ ఒక్క మనిషి దగ్గరే కలిసినాయి, ఆ సంగతి ఇప్పుడు తడుతోంది నాకు.

అల్లుడు: నేను నవ్వడం లేదు మామా.

మామ: అయితే విను. నీ వయొలిన్, నీ తమిళం, నీ కడ్డీలు, దేనికీ అడ్డం రాను. మీ అమ్మకు నేను చెప్తా. కానీ ఒక్కటి అడుగుతా ఉండా. నీకు తెలిసిందంతా నీ తలలోనూ నీ ఫోన్లోనూ ఉంది. నువ్వు ఇంకో దానికి పోయినప్పుడు అది అక్కడే చచ్చిపోతుంది. నాకు కోపం తెప్పించేది అది. కొమర్రాజు గారికీ నీకూ తేడా అక్కడుంది.

అల్లుడు: ఏం చెయ్యమంటావు?

మామ: రాయి. తెలుగులో రాయి. ఇప్పుడు నువ్వు నాకు చెప్పినట్టే నేలపట్టు గురించి రాయి. వాన ఎప్పుడు పడింది, చెరువు ఎంత నిండింది, నీ ఉపగ్రహం బొమ్మలో మబ్బు ఎట్టా ఉంది, గూడబాతులు ఏ వారం వచ్చినాయి, నత్తగుల్ల కొంగలు ఎప్పుడు, నీటికాకులు ఎప్పుడు. రైతుల్ని అడుగు, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాయి. పులికాట్ దీవుల వాళ్ల మాటల్ని స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’లో దాచిపెట్టినాడు గదా, అట్టా. తేదీ వెయ్యకుండా ఒక్క వాక్యం రాయొద్దు. తెలియనిచోట తెలియదని రాయి. లెక్కలు నేను చూస్తా, తప్పులు నేను దిద్దుతా.

అల్లుడు: ఒక్క సంవత్సరం రాస్తే ఏమీ తేలదు మామా. వానలు ఏటికేడు మారతాయి. కనీసం ఐదారేళ్లు రాయాలి.

మామ: ఆ మాట నీ నోటి నుంచి రావాలనే ఇంతసేపు వాదించినా.

వాదన అక్కడితో ఆగింది. పాత లెడ్జరు పుస్తకం ఒకటి మామ ఇంట్లోనే దొరికింది. మొదటి పేజీలో అల్లుడు తన కడ్డీల కొలతలు రాశాడు, మామ దాని కింద శ్రీహరికోట కొసైన్ లెక్క వేశాడు.

దొరవారిసత్రం, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ వైపు బడుల్లో పనిచేసే ఉపాధ్యాయులకు నా మనవి ఒకటి. వానలు పడి చెరువు నిండాక ఒక శనివారం పిల్లల్ని నేలపట్టుకు తీసుకుపోండి. సైన్సు టీచరు ఒక్కరే కాకుండా లెక్కల టీచరు, సోషల్ టీచరు, తెలుగు టీచరు కూడా వెంట వెళ్లండి. పిల్లలు అడిగిన ఏ ప్రశ్ననూ ‘అది మన సిలబస్‌లో లేదు’ అని ఆపకండి. తిరిగి వచ్చాక వాళ్ల చేత తేదీతో సహా రాయించి, ఆ కాగితాలు బడి లైబ్రరీలో భద్రపరచండి. మరుసటి ఏడు వచ్చే పిల్లలు అక్కడి నుంచి మొదలుపెడతారు.